ఇంటర్వ్యూ ఎందుకు పోయిందో పిల్లలకు చెబుదాం

మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో పనిచేస్తున్న తోటి ఉద్యోగులకు, ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలు నడుపుతున్న పెద్దలకు విజ్ఞప్తి.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ ఎనిమిదో స్టేషన్. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ కోర్సు మీద కోర్సు చేస్తున్న పిల్లల్లో ఎందరికో ఆ ఎనిమిది స్టేషన్లు దాటడానికి ఏళ్లు పడుతోంది. చేతిలో పట్టా ఉంది, జావా వచ్చు, ఆన్‌లైన్ టెస్టులు గట్టెక్కుతారు. తీరా మనిషి ఎదురుగా కూర్చుని అడిగేసరికి నోరు పెగలదు. వారం తర్వాత తీసుకోలేదని ఒక మెయిల్ వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ఎందుకు తీసుకోలేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది నేను పడ్డ బాధే. డిగ్రీ అయ్యాక 10హెచ్ బస్సు దిగి, అరువు తెచ్చుకున్న బూట్లతో ఒక ఆఫీసు మెట్లెక్కాను. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అన్నారు. బట్టీ పట్టింది అప్పజెబుతూ సగంలో ఒక మాట మరిచిపోయాను. ఆ తర్వాతిది ఒక్క ముక్కా రాలేదు. గొంతు తడారిపోయింది. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేశాను. నాకు సబ్జెక్టు చాల్లేదు కాబోలనుకుని ఇంట్లో అప్పు చేయించి ఇంకో కోర్సులో చేరాను. లోపం ఒకచోట, మందు ఇంకోచోట. ఆ రోజు ఎదుట కూర్చున్నాయన 'బాబూ, నువ్వు అప్పజెబుతున్నావు, మాట్లాడటం లేదు' అని ఒక్క మాట అని ఉంటే నాకు ఏడాది మిగిలేది, మా నాన్నకు ఆ అప్పు తప్పేది.

ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేది నేనే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరిదీ ఒకటే పాఠం. ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్, ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్. వాళ్లను తప్పుపట్టలేను, మనం నేర్పింది అదే. కాలేజీల్లో సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులని పెడతారు. హాలులో వంద మందిని కూర్చోబెట్టి, తెర మీద స్లైడ్లు వేసి, ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో చెప్తారు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడం ఇది. ఉమ్మడి రాష్ట్రంలో శిక్షణకు జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి, తెలంగాణ వచ్చాక టాస్క్ అనే సంస్థ వచ్చింది. శిక్షణ అవసరమని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి, మంచిదే. కానీ పిల్లవాడు ఒక్కడే కుర్చీలో కూర్చుని, ముక్కూమొహం తెలియని మనిషికి జవాబు చెప్పి, ఎక్కడ తడబడ్డాడో అక్కడే తెలుసుకునే అరగంట ప్రతి ఒక్కరికీ దొరకాలి. చాలామందికి ఆ మొదటి అరగంట అసలు ఇంటర్వ్యూలోనే దొరుకుతోంది.

మా వీధిలో ఒక అమ్మాయిల హాస్టల్ ఉంది. కొన్నాళ్లుగా ఆదివారాలు మేం నలుగురం దాని భోజనాల గదిలో మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నాం. సాంబారు గిన్నెలు ఓ పక్కకు జరిపి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తాం. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ప్రాజెక్టు గురించి అడిగితే, 'డెయిరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, యూజర్ ఫ్రెండ్లీ అప్లికేషన్' అంటూ మొదలుపెట్టి రెండు వాక్యాలకే ఆగిపోయింది. చూపు నేల మీద. "తెలుగులో చెప్పమ్మా, అసలు ఇదెందుకు చేయాలనిపించింది?" అన్నాను.

"మా నాయిన కేంద్రంల పాలు పోస్తడు సార్. బిల్లు ఒక్కసారే ఇస్తరు. ఏ పూట వెన్న శాతం ఎంతొచ్చింది, దానికి ఎన్ని పైసలు పడ్డయి, ఏం తెల్వదు. పూటపూటకు లెక్క ఫోనుకు పోయేటట్టు రాసిన."

ఇక ఆగలేదు. రైతు నంబరు, తేదీ, పూట కలిపి కీ పెట్టిందట. ఒకాయన ఒకే పూట రెండుసార్లు పాలు తెస్తే రెండోది ఎక్కలేదట. ఎందుకో పట్టుకుని, రసీదు నంబరు చేర్చి సరిచేసిందట. ఇలాంటి మనిషి కోసమే కదా మనం రోజంతా వెతికేది! రెండు వాక్యాల దగ్గరే ఆపి పంపేసి ఉంటే మనకు తెలిసేదే కాదు. మూడోసారి కూర్చున్నప్పుడు ఆ కథే ఇంగ్లిషులో, తన మాటల్లో చెప్పింది. వ్యాకరణం ఒకచోట తప్పింది. మాలో ఎవరమూ పట్టించుకోలేదు. ఆ రసీదు నంబరు మీదే ఇంకో మూడు ప్రశ్నలు వేశాం.

అందుకే మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటే. చివరి ఏడాదిలోకి వచ్చిన ప్రతి విద్యార్థికీ, మొదటి అసలు ఇంటర్వ్యూకి ముందు మూడు సాధన ఇంటర్వ్యూలు జరగాలి. ఇరవై నిమిషాలు ప్రశ్నలు, పది నిమిషాలు ఏది బాగుందో, ఏది బాగాలేదో మొహమాటం లేకుండా చెప్పడం, చివర్లో అదంతా రాసిన ఒక కాగితం చేతికి. తెలియనిది 'తెలియదు' అనవచ్చని, ఆలోచించుకోవడానికి కాస్త టైము అడగవచ్చని, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పు కాదని కూడా ఈ పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

మనుషులెక్కడ అంటారా? 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు ఈ దారంతా ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్లే, తీసుకున్నవాళ్లే. 2022-23 నాటికే రాష్ట్ర ప్రభుత్వ లెక్కల్లో ఐటీ ఉద్యోగులు 9 లక్షలు దాటారు. ఒక ఉద్యోగి ఏడాదికి రెండు శనివారాలు, పూటకు మూడు గంటలు ఇస్తే 12 ఇంటర్వ్యూలు, అంటే నలుగురు పిల్లలు. నూటికి ఒక్కరు ముందుకొచ్చినా 36,000 మంది పిల్లలు.

కంపెనీలకూ ఇది కష్టం కాని పని. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మేం ఆ డబ్బు అడగడం లేదు. శనివారం తాళం వేసి ఉండే మీటింగ్ గదులు అడుగుతున్నాం. గేటు దగ్గర పేరు రాసి, విజిటర్ బ్యాడ్జి మెడలో వేసుకుని, లిఫ్టెక్కి, ఆ అద్దాల గదిలో ఒకసారి కూర్చుని వెళ్తేనే సగం బెరుకు వదులుతుంది. భద్రత కోసం ఇక్కడి కంపెనీలూ పోలీసులూ కలిసి సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ నడుపుకొస్తున్నారు. అలాంటి పొత్తు కాలేజీలతోనూ కుదురుతుంది. వద్దనుకున్న అభ్యర్థికి ఎందుకో రెండు వాక్యాలు రాయడం కూడా పెద్ద శ్రమేం కాదు. రాయండి.

ఇలా నేర్పితే సబ్జెక్టు రానివాళ్లు మాటలతో నెట్టుకొస్తారని ఒక సందేహం ఉంది. మేం చూసింది వేరు. మూడు ప్రశ్నలు లోతుగా అడిగితే డొల్ల బయటపడుతుంది. ఏడాది ముందే బయటపడితే చదువుకోవడానికి సమయం ఉంటుంది. ఎక్కడ లోపమో తెలియక విసిగిపోయిన పిల్లలే, బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల చేతిలో లక్షలు పోస్తున్నారు. ఒక్క ఏడాది చూసి పెళ్లి చేసేస్తామని గడువు పెట్టించుకుని వచ్చిన ఆడపిల్లలకైతే ప్రతి నెలా విలువైనదే.

కాలేజీ పెద్దలు సీఆర్‌టీ గంటల్లో సగం ఈ సాధనకు కేటాయించండి. ఉద్యోగులకు ఇంకో మాట. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. వచ్చే మూడు నెలల్లో మీరు రాగలిగిన రెండు శనివారాలు దాని మీద రాసి, మీరు చదివిన కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు ఈ వారమే పంపండి.