చూచిన కన్ను, పట్టిన పటము



మా యిల్లు బెజవాడ ఆటోనగరులో నున్నది. తెల్లవాఱిన కొంతసేపటికే లారీల తొట్లకు రేకులు కొట్టు చప్పుడు మొదలగును. ఆ చప్పుడు మొదలు కాకమునుపే మా యత్తగారు లేచి, మూతవేసిన షెడ్ల ముందుగా నాలుగు వీథులు నడచి వచ్చెడివారు. కైలాస మానససరోవర యాత్రకు కాళ్లను సిద్ధపఱచుకొనుటకే యా నడక. అందులకని పెట్టెలో డబ్బును కూడబెట్టుకొనిరి.

2020వ సంవత్సరమున వారికి 66 ఏండ్లు. ఆ యేడు కోవిడ్ మహమ్మారిచే యాత్ర నిలిచిపోయినది. పిమ్మట సరిహద్దు తగవు తోడై, 2025 వేసవి వఱకు త్రోవ తెఱవలేదు. భారత ప్రభుత్వము నడపు ఈ యాత్రకు 70 ఏండ్లు దాటినవారిని కొనిపోరు. త్రోవ తెఱచునాటికి మా యత్తగారికి 71 ఏండ్లు. ఆ నిబంధనను చదివి వినిపించినదానను నేనే. "పోనీలే అమ్మా" అనిరి. మఱునాటినుండి నడక మానిరి.

ఆ యేడే మా యాడుబిడ్డ పేరు చీటీలలో వచ్చినది. లిపూలేఖు కనుమ మీదుగా పోవు జట్టులో ఆమెకు చోటు దొరకెను. అత్తగారు పెట్టెలోని డబ్బు తీసి కూతురి చేతిలో పెట్టి, "నా బదులు ఆ నీళ్లను బాగా చూచి రావే" అనిరి.

ఆమె క్షేమముగా మరలి వచ్చినది. ఫోనులో నాలుగువందలకు పైగా ఛాయాపటములు తెచ్చినది. అత్తగారు కండ్లద్దములు తుడిచి పెట్టుకొని, ఒక్కొక్కటిగా చూచిరి. ఉన్ని టోపీలు, నల్లద్దములు, నవ్వు మొగములు. వెనుక నొక నీలిచాఱ. ఏబది పటములు గడచిన పిదప, "మీరందఱు బాగున్నారే, నీళ్లెక్కడ?" అని యడిగిరి.

తరువాత ప్రశ్నలు ప్రారంభమైనవి. మనుచరిత్రములోని ప్రవరుడు తీర్థములు తిరిగి వచ్చిన సిద్ధుని ఎట్లడిగెనో యట్లే అడిగిరి. లోతెంత? ఒడ్డున ఇసుకయా, రాళ్లా? అలలు లేచునా? చలికాలమున గడ్డకట్టునా? మా యాడుబిడ్డ తల వంచుకొని, "అమ్మా, అక్కడ సగము ప్రొద్దు ఫోను పట్టుకొనియే గడపితిని" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆమెను నేను నిందింపను. సముద్రమట్టమునకు సుమారు 4,590 మీటర్ల యెత్తున నున్న సరస్సది. మన తూర్పు కనుమలలో మిక్కిలి యెత్తయిన శిఖరమే 1,700 మీటర్లు మించదు. అక్కడి గాలి యొత్తిడి మన యూరిదానిలో సగమునకు కొంచెమే యెక్కువ. నీరు సుమారు 85 డిగ్రీలకే మఱిగిపోవును గనుక, ఎంతసేపు కాచినను మూతలేని గిన్నెలో పప్పుడుకదు. అట్టిచోట మనుజునికి తలనొప్పి, ఆయాసము, నిద్రలేమి సహజములు. అలసిన కన్ను తాను చూడవలసిన పనిని యంత్రమునకు ఒప్పగించును.

ఆ ప్రశ్నలకు జవాబు మన తెలుగువాడే యెన్నడో చెప్పియున్నాడు. స్వామి ప్రణవానందులు 1896లో తూర్పు గోదావరి మండలమున జన్మించిరి. పూర్వాశ్రమ నామము కనకదండి వెంకట సోమయాజులు. లాహోరులో చదివి, రైల్వే కొలువు విడిచి, సహాయనిరాకరణోద్యమమున పనిచేసి, తరువాత సన్యసించిరి. 1928లో మొదలుకొని అనేక పర్యాయములు కైలాసమానస ప్రాంతమునకు పోయిరి. 1936-37లో మానస తీరమున బౌద్ధమఠమున నిలిచి, సరస్సు గడ్డకట్టుటయు మరల కరగుటయు కనిపెట్టి వ్రాసికొనిరి. నావపై పోయి లోతులు కొలిచిరి. ఆ లోతు 80 మీటర్లకు పైమాట. ఛాయాచిత్రములును తీసిరి, 1949లో వెలువడిన వారి కైలాసమానస గ్రంథమునకు జవాహర్‌లాల్ నెహ్రూ పీఠిక వ్రాసెను. 1976లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది.

ఆ రాత్రి ఈ సంగతులన్నియు అత్తగారికి చెప్పితిని. సరస్సు మంచుగా మాఱుననగా వారు రెండు చేతులు జోడించిరి. పటము తీయుటకు ముందు చాలకాలము చూచినవాడు గనుకనే ప్రణవానందులు చెప్పగలిగిరి. సిద్ధునివలె తిరిగి వచ్చి చెప్పువారు లేకున్న, ఇంటనున్నవారికి పటము గోడకు వ్రేలాడు రంగుకాగితమే.

కావున, సోదరీమణులారా, మీలో నెవరైన దూరయాత్రకు పోయినచో కొన్ని మాటలు మనసున నుంచుకొనుడు. చేరినతోడనే ఫోను తీయక, ముందు కొంతసేపు ఊరక చూడుడు. పిమ్మట మనుష్యులు లేని పటములు కొన్ని తీయుడు. పాదములచెంత రాళ్లు, నడుమ నీరు, ఆవలి కొండ, మూడును ఒకే పటమున పడినచో దూరము తెలియును. ఉదయమున, సాయంకాలమున వెలుగు ప్రక్కనుండి పడి, కొండల మడతలు స్పష్టమగును. నడిమధ్యాహ్నమున అంతయు చదునుగా తోచును. మంచుకొండ వెనుక నున్నచో కెమెరా ఆ తెలుపును చూచి మోసపోయి మొగములను నల్లబఱచును. అపుడు మొగముపై వ్రేలునుంచి వెలుగు హెచ్చింపుడు. చలికి బ్యాటరీ త్వరగా చచ్చును గనుక లోపలి దుస్తులలో, ఒంటి వెచ్చదనమున దాచుడు. అన్నిటికంటె ముఖ్యము: ప్రతిదినము రాత్రి తారీఖు, వేళ, దిక్కు, చూచిన విశేషము ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు.

మా యాడుబిడ్డ తెచ్చినవానిలో ఒక్క పటము మిగిలినది. అందఱును నిద్రించుచుండగా, ఊపిరియాడక బయటికి వచ్చి, తెల్లవాఱుజామున తీసినదట. అందులో మనుష్యులు లేరు. గులకరాళ్లు, కదలని నీరు, ఆవల నొక వెలుగుగీత. "ఆ వేళ ఎట్లుండెనే?" అని తల్లి యడిగెను. "అమ్మా, ఎంత నిశ్శబ్దమనగా, నా గుండె చప్పుడే నాకు వినవచ్చినది" అని కూతురు చెప్పెను. ఆమె తెచ్చిన సమాచారములలో అత్తగారు మరల మరల చెప్పించుకొన్నది ఇదొక్కటే.

ఆ పటమును అచ్చువేయించి పూజగదిలో నుంచితిమి. వెనుకవైపు వేళయు, దిక్కును, ఆ మాటయు కూతురిచేతనే వ్రాయించితిమి. మూడవనాడు రేకుల చప్పుడు మొదలు కాకమునుపే వీథితలుపు గడియ తీసిన సవ్వడి విని లేచితిని. అత్తగారు చెప్పులు తొడుగుకొనుచుండిరి. "ఎక్కడికత్తయ్యా?" అంటిని. "కృష్ణను తెల్లవాఱుజామున సరిగా చూచి ఎన్నాళ్లయినదో; నీవును రా" అనిరి.

ఫోను ఇంటనే విడిచి పోతిని.