డాబా మీద లైట్లు ఒక్క గంట ఆర్పండి

ఉద్యోగానికి పనికిరాని చుక్కల సంగతి మన పిల్లలకెందుకని అడిగేవారున్నారు. ఇంట్లో మొదట డిగ్రీ పట్టా చూసిన మేమూ ఆ మాట విన్నాం. ఒప్పుకోం.

2017లో పుణేలోని ఐయుకా, ఐసర్ శాస్త్రవేత్తలు మీనరాశి దిక్కున గెలాక్సీల మహాసమూహాన్ని గుర్తించి 'సరస్వతి' అని పేరు పెట్టారు (మన బాసర గుర్తొచ్చింది). దూరం సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాలు. దాదాపు 43 గెలాక్సీ గుంపులున్నాయి. మామిడికాయను నేలకు లాగే గురుత్వాకర్షణే దాని నడిమి భాగాన్ని పట్టి ఉంచింది. కాని విశ్వం వ్యాకోచిస్తోంది. దూరం పెరిగితే ఆ పట్టు చాలదు. మనమున్న లానియాకియా మహాసమూహంలోని లక్ష గెలాక్సీలు చివరికి విడిపోతాయి. మనల్ని విడవనిది దగ్గరి చుట్టం ఆండ్రోమెడా, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో.

దానికి దుర్భిణి అక్కర్లేదు. కార్తీక అమావాస్య రాత్రి ఎనిమిదింటికి పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు నాలుగూ నడినెత్తిన చతురస్రంగా కనిపిస్తాయి. ఈశాన్య మూల నుంచి అదే దిక్కున, చేయి చాపితే జానెడు లోపు, ఒక మసక మరక. అదే. సరస్వతి ఆ చతురస్రానికి దక్షిణాన ఉంది, కంటికి అందదు.

కొండగట్టు చుట్టూ ఇంకా చీకటి మిగిలింది. వార్డెన్ సార్లూ, ఆ రాత్రి డాబా మీద లైట్లు ఒక్క గంట ఆర్పించండి. తమ్ముళ్లూ, దుప్పట్లు తెచ్చుకోండి, చలి ఉంటది.