పెరటి కోయిల, పురిటి కొంగ

పక్షులను చూచుట యనగానే అది దుర్భిణియు, తీరికయు గల మగవారి వేడుక యని మన యిండ్లలో ననుకొందురు. మేమట్లు తలపము. తెల్లవాఱకముందే లేచి వాకిలి యూడ్చువారము మనమే. పక్షులు మేతకు బయలుదేరు వేళయు నదియే.

కోయిలనే చూడుడు. కావ్యములు చదివిన వారమందఱము దాని పాట నెఱుగుదుము. చెట్టుమీద దానిని పోల్చగలవా రెందఱు? నల్లగా నిగనిగలాడుచు, ఎఱ్ఱని కన్నులతో, కుహూ యని స్వరము హెచ్చించుకొనుచు పోవునది మగది. ఆడుది గోధుమవన్నెది, ఒడలెల్ల తెల్లని చుక్కలు. దాని కూత కిక్కిక్కని కీచుగా నుండును. కవులు ఆడుకోయిలకు కట్టబెట్టిన సంగీతమంతయు మగనిదే! అయినను దానికి పరభృత మని పేరిడిన పూర్వులు కన్ను తెఱచి చూచియే యిడిరి. వేసవి నడుమనుండి వానలదాక పెరటిలో కాకిగూడున్న చెట్టును కనిపెట్టి యుండుడు. మగకోయిల కాకులచే తఱుమించుకొని పోగా, ఆడుది చాటున గూటిలో గ్రుడ్డు పెట్టిపోవును.

ఇంట నీ యభ్యాసము కుదిరినచో ప్రయాణములందు కన్ను దానంతట నదే పట్టును. రైలుకిటికీనుండి తీగలపై పాలపిట్టలను లెక్కించుచు పోవు పిల్లలు విసుగు చెందరు.

శ్రీకాకుళముజిల్లాలో టెక్కలి చేరువ తేలినీలాపురమను గ్రామము గలదు. ఏటేట వానకాలపు కడపట గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును అచటికి వచ్చి, చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదురుసరికి వెడలిపోవును. ఊరివారు వానిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా నెంచి కాపాడుదురు. ఇంత చక్కని భావన యుండగా, వానిని సైబీరియా పక్షులని పిలుచుట యేల వాడుకయైనదో! చలికి సైబీరియానుండి దిగివచ్చు బాతులు మొదలగునవి యిచట గూడు కట్టవు. వాని పురుళ్ళు అచటనే. ఈ రెండు జాతులు మన దేశపు నీటిపట్టులలోనే పుట్టి పెరుగునవి.

ఈ భేదము ఉత్త పాండిత్యము కాదు. పరదేశపు చుట్టము రాకున్న, మఱియొక చోటికి పోయెనని యూరకుందుము. ఈ గడ్డపై పుట్టినదానికి చింతచెట్టు కూలినచో, మడుగు చెడినచో పురిటిల్లే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ జిల్లాలో లెక్కలేనన్ని చెట్లను కూల్చినది. 2021 చివరను, 2022 మొదటను తేలినీలాపురపు గూడబాతులు పెక్కు చచ్చినవి. కడుపులో చేరిన పురుగులే కారణమని పశువైద్యులు తేల్చిరి.

చూడబోవువారు నౌపడా జంక్షనులో రైలు దిగవచ్చును. మార్గశిర పుష్యములు మేలైన కాలము. చెట్లక్రింద రెట్టలును, చేపల కంపును తప్పవు. ఏ పురిటిల్లు వాసన లేక యుండును? పిల్లలను చప్పట్లు చఱవనీయకుడు. తల్లులు బెదరి లేచిన రెప్పపాటులో కాకులు గ్రుడ్లను తన్నుకొని పోవును. గూటినుండి జాఱిన పిల్లను తల్లి మరల పైకెత్తుకొనజాలదు.