సామాన్ దగ్గర కూర్చున్న అమ్మీ

ఇత్వార్ వస్తే హైదరాబాద్‌లోని మన ఖాందాన్‌లు బయల్దేరే జాగాల్లో బీదర్ ఒకటి. దాదాపు 140 కిలోమీటర్లు. ఫజర్ చదువుకుని బండెక్కితే జహీరాబాద్‌లో చాయ్ తాగి పది లోపే కిలాలో ఉంటాం. ఇషా వేళకు ఇల్లు చేరతాం. ఒక్కరోజు సుకూన్. అయితే ఆ సుకూన్ ఎవరికి?

మేం మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ అమ్మీ రాత్రి రెండున్నరకే లేచింది. బగారా అన్నం, దాల్చా, తలా హువా గోష్, పిల్లలకు కారం తక్కువది వేరే. పైగా దస్తర్‌ఖాన్, పళ్లేలు, నీళ్ల క్యాన్, జానమాజ్‌లు సర్దుకోవాలి. కిలాలో చెట్టు కింద దరీ పరిచాక ప్రతిసారీ అదే మాట: “మై యహీచ్ బైఠ్తుం, తుమే దేఖ్కో ఆవ్.” మేం చూసి వచ్చేవాళ్లం. ఆమె కోతుల్ని అదిలిస్తూ సామాన్ దగ్గర కూర్చునేది. అది ఆమె ఇష్టమనే అనుకున్నాం.

మొన్న నా కూతురు స్కూల్లో మహమూద్ గవాన్ పాఠం చదివి అడిగింది: “దాదీ, ఆ మదరసా మీనార్ మీద రంగు పలకలు ఇంకా ఉన్నాయా?” అమ్మీ నవ్వి, “నై మాలూమ్ బేటా, మై సామాన్ కనేచ్ బైఠీ థీ” అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీల వజీర్ అయిన గవాన్ 1472లో ఆ మదరసా కట్టించాడు. మూడంతస్తులు, ఉస్తాద్‌లకూ తాలిబ్‌లకూ గదులు, కుతుబ్‌ఖానా. 1481లో దొంగ ఉత్తరం సాకుతో ఆయన్ని చంపించారు. తర్వాత కట్టడంలో కొంత భాగం కూలింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. ఏడో తరగతితో చదువు మాన్పించినా ఇప్పటికీ ఉర్దూ అఖ్బార్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివే మా అమ్మీ, నడిచి వెళ్లేంత దూరంలో ఉండి కూడా దాన్ని చూడలేదు. డేగ్‌కి కాపలా ఉంది.

“బయట తింటే పదిమందికి ఎంతవుతుందో తెలుసా?” అంటారు. నిజమే, నాకూ జేబు ఒకటే. కానీ ఇంటి ఖానా కావాలంటే వండేది, మోసేది, కాపలా కాసేది ఒక్కరే ఎందుకు కావాలి?

పోయిన నెల నాలుగోసారి వెళ్లాం. ముందురాత్రి తమ్ముడూ నేనూ కలిసి ఖుబూలీ వండాం. సామాన్ డిక్కీలో పెట్టి తాళం వేశాం. అమ్మీ మోకాళ్ల నొప్పులతో మెల్లగా మదరసా సెహన్‌లోకి నడిచింది. మీనార్ మీద మిగిలిన పలకల్ని చేయి అడ్డం పెట్టుకుని చూసింది. ఒక గదిలోకి తొంగి చూసి, “ఇక్కడే కూర్చుని చదివేవారా?” అని అడిగింది. నా కూతురు పాఠమంతా అప్పజెప్పింది. బయల్దేరదామంటే “ఠైరో” అంది. మొదటిసారి మేం ఆమె కోసం ఆగాం.

తర్వాత అష్టూర్‌లో అహ్మద్ షా వలీ మక్బరా. లోపల చీకటి. అక్కడి మనిషి అద్దంతో ఎండను లోపలికి తిప్పితే గుమ్మటం కింద రంగులూ ఖత్తాతీ బయటపడ్డాయి. అమ్మీ పెదవులు కదుపుతూ కూడబలుక్కుని చదివింది. మాలో ఎవరికీ అంత చదవడం రాలేదు.

బీదర్ తప్పక వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. కానీ బయల్దేరే ముందు సామాన్ దగ్గర ఎవరు కూర్చుంటారో తేల్చుకోండి. వంతులు వేసుకోండి, లేదంటే సామానే తగ్గించండి.

అన్నట్టు, మా ఖుబూలీలో ఉప్పు ఎక్కువైంది. అమ్మీ తినేసి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, “ఫిర్ కబ్ జాతే?” అని అడిగింది.