ఎర యను మాట



ఈ మాసమున విచారింపబోవు మాట చెఱువుగట్టున వినబడునది. అయినను దాని మూలము వంటయింటికి దూరము కాదని నా తలంపు. మా ఆర్మూరు పసుపునకు బేరొందిన యూరు. 1963వ సంవత్సరమున పునాదిరాయి వేయబడిన శ్రీరామసాగరపు జలాశయము మాకు సమీపముననే పోచంపాడు కడ గోదావరిపై నున్నది గావున, చేపలను గూర్చిన మాటలును మాకు క్రొత్తవి కావు.

గాలమునకు గ్రుచ్చెడి తిండిని ఎర యందుము. ఈ మాట యందు మోసము లేదు. తల్లిపక్షి ముక్కున గఱచుకొని వచ్చి గూటిలోని పిల్లల నోట బెట్టునది ఎర. పాము వెదకుకొనునది ఎర. పులి పొంచియుండునదియు ఎరకొఱకే. మనుష్యుల భోజనమును మాత్రము పరిహాసమునకు దప్ప ఎర యనము. జాలరి గాలమునకు తిండిని గ్రుచ్చునపుడు ప్రత్యేకముగా నొక మాటను గల్పింపక, పిల్లలను బెంచెడి యామాటనే తెచ్చి గాలమునకు దగిలించెను.

ఇది మన భాషకు మాత్రమే చెల్లినది కాదు. తమిళమున ఇరై, మలయాళమున ఇర, కన్నడమున ఎరె యను మాటలు దీని తోబుట్టువులే. అందును తిండియే మొదటి యర్థము. మా ప్రాంతమున వినబడు ఉరుదూలో దీనిని చారా యందురు. పశువులకు వేయు మేతకును అదియే పేరు. ఇంగ్లీషువారి బెయిట్ అను మాట ఉత్తరదేశపు ప్రాచీనభాషనుండి వచ్చినది, కొఱుకుటను దెలుపు బైట్ అను మాటకు జుట్టము. మరాఠీవారు ఆమిష మందురు. సంస్కృతమున ఆమిషము మాంసము. అమరకోశమున మాంసమునకు జెప్పిన పేళ్లలో నిదియు నొకటి. శాకాహారమును నిరామిష మనుట మీ రెఱుగుదురు. గాలమునకు అమరసింహుడు వారివర్గమున బడిశ మను పేరు చెప్పెను గాని, ఆ మాట పుస్తకములలోనే నిలిచిపోయినది. గాలము మాత్రము కన్నడమున గాళ, మరాఠీలో గళ్ అయి మూడు భాషల చెఱువులలోను మునుగుచున్నది.

ఇక నాకు మిక్కిలి యిష్టమైన చిక్కుముడి యొకటి. వానపామును మన జనులు ఎఱ్ఱ యందురు. ఎఱ్ఱగా నుండుటచే ఎఱ్ఱ యనిరని పలువురి మాట. వినుటకు సులభముగనే యున్నది. కాని మలయాళమున వానపామునకు మణ్ణిర యని పేరు. మణ్ణు అనగా మన్ను, మన్నులోని ఇర. ఆ భాషలో ఇర యనగా ఎరుపు కాదు. కన్నడమువారు దానిని ఎరెహుళు అందురు. హుళు అనగా పురుగు. అక్కడ ఎరె యనగా నల్లరేగడి యనియు నర్థముండుటచే మట్టిపురుగని చెప్పువారు గలరు. కాని మలయాళపు సాక్ష్యమునకు అది నిలువదు. కాబట్టి ఎరగా బనికివచ్చు పురుగునకు ఎర పేరే వచ్చి, రంగు తోడగుటచే మన నోట ద్విత్వమై ఎఱ్ఱ యయ్యె ననుటయే నాకు సమంజసముగ దోచుచున్నది. వానపాము వానను బట్టి పెట్టిన పేరు. ఎఱ్ఱ గాలమును బట్టి వచ్చిన పేరు.

ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునకు జెప్పిన నీతులలో, మంచి భక్ష్యముతో గప్పబడిన యినుపగాలమును చేప లోభముచే మ్రింగి మీది కీడు నెఱుగదని యొక పోలిక గలదు. విదురునియెడ నాకు భక్తి గలదు గాని, చేపను లోభి యనుట మాత్రము రుచింపదు. ఆకలిగొన్న ప్రాణి తిండిని జూచి నోరు తెఱచుట లోభమా? మా వీథిలో నొక గృహిణి, పట్టపరీక్ష గెలిచియు రెండేండ్లుగా నింట గూర్చున్న కూతురికి పట్టణమున నుద్యోగ మిత్తుమని ఫోనునకు వచ్చిన వార్తను నమ్మి, పసుపు అమ్మిన సొమ్ము రుసుముగా బంపి పోగొట్టుకొనెను. పత్రికలు ఇట్టివానిని “ఉద్యోగము ఎరగా జూపి” యని వ్రాయును. మాట సరియైనదే. ఇట్టి మోసమునకు ఇంగ్లీషున ఫిషింగ్ అను పేరు సైతము చేపల వేటనుండియే పుట్టినది. కాని బంధువు లామెను “అత్యాశ” యనిరి. బిడ్డకు గూడు కోరుట అత్యాశ యగునా? ఆ మాటకు వెఱచి యామె మూడుదినములు ఎవరికిని చెప్పక లోలోన గుమిలెను. సొమ్ము పోయిన గడియలోనే 1930 అను సంఖ్యకు ఫోను చేసిన, అది చేతులు మాఱకముందే నిలుపుటకు వీలుండునని ఆమెకు దెలిసినది నాలుగవనాడు. ఈ సంఖ్యను పంచాంగపు టట్టమీద వ్రాసియుంచుకొనుడు.

ఎరలలో భేదములు పెక్కులు. కొఱ్ఱమీను ప్రాణమున్న తిండినే కోరును గావున దానికి చిన్నచేపనో కప్పపిల్లనో గ్రుచ్చుదురు. రవ్వ, బొచ్చె మొదలగు సాధుచేపలకు తవుడో పిండియో తడిపి ముద్దచేసి పెట్టుదురు. ఈ ముద్దను బలువురిండ్ల స్త్రీలే కలిపియిత్తురు. మఱీ మెత్తనైన నీట గరగును, మఱీ గట్టియైన చేప ముట్టదు. పూరీపిండి పాకము తెలిసినవారికి దీనిని వేఱుగ నేర్పనక్కఱలేదు. నిఘంటువులలో గాలమునకును బడిశమునకును చోటు దొరకినది గాని, ఈ ముద్దల పేళ్లకును వాని పాకములకును నా యెఱిగినంతలో చోటు దొరకలేదు. అవి నేడు గంగపుత్రుల, ముదిరాజుల యిండ్లలోని ముసలమ్మల నోళ్లయందే నిలిచియున్నవి. మీ యూరి చెఱువుగట్టున వానపాము నేమందురో, పిండిముద్దను ఏ పేర బిలుతురో, వారి నడిగి, వారు పలికినది పలికినట్లుగనే దిద్దక వ్రాసి పంపుడు. వానిని రాబోవు సంచికలో బ్రకటింతును.