నైస్ మైనస్ 20 పెట్టినా కదలని ల్యాప్‌టాప్

రాత్రి పదకొండున్నరకి అమలాపురం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్. బీటెక్ ఫైనలియర్. రెండ్రోజుల్లో ప్రాజెక్ట్ రివ్యూ.

“అన్నయ్యా, ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మౌస్ కదులుతోంది గానీ, ఏం క్లిక్ చేసినా రెండు నిమిషాలకి గానీ పలకట్లేదు. ప్రయారిటీ పెంచితే పోతుందని ఫ్రెండ్ చెప్తే నైస్ మైనస్ 20 పెట్టేశాను. అయినా అంతే!”

“ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశావ్?”

“పది పన్నెండు సార్లు చేసుంటాను.”

అక్కడ నాకు భయమేసింది. ఎందుకో కాసేపట్లో చెప్తాను. ఈలోపు ఈ ప్రయారిటీ సంగతేంటో చూద్దాం. ఎందుకంటే వాడొక్కడే కాదు, సిస్టమ్ స్లో అయితే చాలామంది ముందు చెయ్యిపెట్టేది దాని మీదే.

వంతుల లెక్క

కాలువ గట్ల మీద పెరిగినోళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాక డెల్టాకి కాలువలొచ్చాయి. ఇప్పుడు బ్యారేజీ కింద ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. సార్వాలో నీళ్లకి పెద్ద గొడవుండదు. దాళ్వాలో గోదావరి తగ్గిందంటే మాత్రం వంతులవారీ. ఈ కాలువకి ఇన్ని రోజులు, ఆ కాలువకి అన్ని రోజులు. లాకుల దగ్గర లస్కరు తలుపులు ఎత్తుతూ దించుతూ ఉంటాడు. లెక్క తప్పితే శివారు పొలాలు ఎండిపోతాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో షెడ్యూలర్ చేసేది అచ్చంగా లస్కరు పనే. మీ సిస్టమ్‌లో కోర్లు నాలుగో ఎనిమిదో. ప్రాసెస్‌లు వందల్లో. ఎవరికి ఎంతసేపు సీపీయూ ఇవ్వాలో అది తేలుస్తుంది. లైనక్స్‌లో ఆ వాటా చెప్పే అంకె పేరే నైస్. మైనస్ 20 నుంచి ప్లస్ 19 దాకా ఉంటుంది. మామూలుగా సున్నా. అంకె పెరిగే కొద్దీ ఆ ప్రాసెస్ పక్కవాడికి దారిచ్చే మంచోడన్నమాట, అందుకే ఆ పేరు. సున్నాలో ఒకటి, 5లో ఒకటి ఒకే కోర్ కోసం పోటీ పడితే మొదటిదానికి ముప్పావు వంతు, రెండోదానికి పావు వంతు దక్కుతాయి. 2007లో వచ్చిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్ స్థానంలో, 2023లో వచ్చిన లైనక్స్ 6.6 నుంచి ఈఈవీడీఎఫ్ పనిచేస్తోంది. నైస్ మాత్రం అలాగే ఉంది.

కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ వాటాలన్నీ లైన్లో నిలబడ్డవాళ్లకే.

లైన్లో లేనివాడికి వంతెందుకు?

వీడియో కాల్ పెట్టి, టెర్మినల్‌లో టాప్ కమాండ్ కొట్టమన్నాను. పైన సీపీయూ వరసలో డబ్ల్యూఏ అనే చోట 90 దాటింది. ఆ డబ్ల్యూఏ అంటే వెయిట్: చదవడం, రాయడం పూర్తవ్వాలని ఎదురుచూస్తూ సీపీయూ ఖాళీగా ఉందని అర్థం. లోడ్ యావరేజ్ 14. సీపీయూ ఖాళీగా ఉంటే లోడ్ అంతెలా? లైనక్స్ ఇలా డిస్క్ కోసం ఇరుక్కుపోయిన ప్రాసెస్‌లని కూడా లోడ్‌లోనే కలుపుతుంది మరి.

కింద లిస్టులో వాడి ప్రాజెక్ట్ ప్రాసెస్ పక్కన స్టేటస్ కాలమ్‌లో డి అని ఉంది. ఆర్ అంటే నడుస్తోంది, లేదా వంతు కోసం లైన్లో ఉంది. ఎస్ అంటే పడుకుంది, లేపితే లేస్తుంది. డి అంటే కెర్నెల్‌లోపల హార్డ్‌వేర్ జవాబు కోసం ఆగిపోయింది, లేపినా లేవదు. కిల్ మైనస్ 9 కొట్టినా ఆ జవాబు వచ్చేదాకా చావదు.

ఓ రైతు విత్తనాల కోసం టౌనుకెళ్లి దుకాణం ముందు నిలబడిపోయాడనుకోండి. ఇక్కడ మీరు ఆయన నీటి వంతు నాలుగు రోజులు పెంచితే ఏం లాభం? ఆయనకి కావాల్సింది నీళ్లు కాదు, విత్తనాలు. మావాడు చేసింది అదే.

విత్తనాల దుకాణం ఎందుకు మూసుందో కెర్నెల్ రాసిపెడుతుంది. చూడ్డానికి డీమెసేజ్ కమాండ్ ఉంది (డి, ఎమ్, ఇ, ఎస్, జి). కొట్టగానే వరసగా ఐ/ఓ ఎర్రర్లు, మధ్యమధ్యలో ఫలానా ప్రాసెస్ 120 సెకన్లకి పైగా ఆగిపోయిందన్న హెచ్చరికలు. డిస్క్‌కి ఒక కమాండ్ పంపాక లైనక్స్ మామూలుగా 30 సెకన్లు చూస్తుంది. రాకపోతే లింకు రీసెట్ చేసి మళ్లీ అడుగుతుంది. క్లిక్‌కి రెండు నిమిషాలు పట్టింది అందుకే.

చివరగా స్మార్ట్ రిపోర్ట్ తీయించాను. అందులో మూడు అంకెలు చూస్తే చాలు. సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీదో కనెక్టర్ మీదో. రీఎలోకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కే పోతోంది. మావాడి దాంట్లో పెండింగ్ వందల్లో ఉంది.

“ఒరేయ్, ల్యాప్‌టాప్ ఆపెయ్. మళ్లీ ఆన్ చెయ్యకు.”

“అన్నయ్యా... నాన్న ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.”

బాబాయి పోయి మూడేళ్లయింది. ఆ ల్యాప్‌టాప్ ఆయన కొన్నదే. నేను భయపడింది ఇందుకే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి ప్రతి రీస్టార్టూ వేల ఫైళ్లు చదవమని చెప్పడమే. డిస్క్ చెకప్ కమాండ్లు కూడా అంతే, పైగా అవి దాని మీద రాస్తాయి. ముందు కాపీ, తర్వాతే రిపేరు.

పొద్దున్నే రావులపాలెం మీదుగా బస్సెక్కి రాజమండ్రి వచ్చేశాడు. డిస్క్ తీసి నా సిస్టమ్‌కి తగిలించి డీడీరెస్క్యూతో ఇమేజ్ తీశాం. బాగున్న భాగాలు ముందు లాగి, చెడ్డచోట్లకి తర్వాత తిరిగొస్తుందది. పద్దెనిమిది గంటలు పట్టింది. ప్రాజెక్ట్ కోడ్ మొత్తం వచ్చింది. ఫొటోలు చాలావరకు వచ్చాయి. 2015 పుష్కరాల ఫోల్డర్‌లో మాత్రం కొన్ని సగం దాకా కనిపించి, కింద బూడిదరంగులోకి తిరిగిపోయాయి. వాడేం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అంగారకుడి మీద కూడా ఇదే గోల

ఎదురుచూపుకి కారణం ప్రతిసారీ పాడైన హార్డ్‌వేరే కానక్కర్లేదు. 1997 జులై 4న నాసా పాత్‌ఫైండర్ మార్స్ మీద దిగింది. కొన్నాళ్లకి దాని కంప్యూటర్ దానంతటదే రీసెట్ అవ్వడం మొదలెట్టింది. డేటా బస్‌ని చూసుకునే పనికి పెద్ద ప్రయారిటీ, వాతావరణం డేటా తీసే పనికి చిన్నది. చిన్నది తాళం పట్టుకుని ఉండగా మధ్య ప్రయారిటీ పనులొచ్చి దాన్ని పక్కకి నెట్టేవి. తాళం వదలదు, పెద్దది కదలదు. గడువు దాటిపోయిందని సిస్టమ్ రీసెట్ కొట్టుకునేది. భూమ్మీద నమూనా యంత్రంలో ఇదే తప్పుని మళ్లీ రప్పించి పట్టుకున్నారు. తాళం పట్టుకున్నవాడికి, ఎదురుచూసేవాడి ప్రయారిటీ కాసేపు అరువిచ్చే సెట్టింగ్ ఆన్ చేస్తే సర్దుకుంది. పెద్దదానికి ప్రయారిటీ ఇంకా పెంచినా ఉపయోగం ఉండేది కాదు.

మరి మీ ఫోన్‌లో?

ఆండ్రాయిడ్ కింద ఉన్నదీ లైనక్స్ కెర్నెలే. ఆడియోకి మైనస్ 16, బ్యాక్‌గ్రౌండ్ పనులకి 10 అని ఆండ్రాయిడ్ ముందే లెక్కేసి పెట్టింది. అందుకే యాప్ ఇన్‌స్టాల్ అవుతున్నా పాట తెగదు. బూస్టర్ యాప్‌లు కొత్తగా చేసేదేం లేదు. అవి చంపిన యాప్ మళ్లీ మొదట్నుంచి లేవాలి, బ్యాటరీ ఇంకా తింటుంది. మే నెలలో రాజమండ్రి ఎండకి గేమ్ నత్తనడక నడుస్తోందా? వేడెక్కిన చిప్‌ని కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించేశారు. నీడలో పెట్టి, కేస్ తీసి, ఛార్జింగ్ ఆపండి.

సిస్టమ్ స్లో అయితే ఈ వరసలో చూడండి:

సీపీయూ నిజంగా 100 దగ్గరుండి, ప్రాసెస్ ఆర్‌లో ఉంటే ప్రయారిటీ పనిచేస్తుంది. అప్పుడు కూడా మీ పనిది పెంచకండి, అడ్డొచ్చేదాని నైస్‌ని 10కో 19కో మార్చండి.

సీపీయూ ఖాళీ, డిస్క్ బిజీ అయితే ప్రయారిటీ జోలికెళ్లొద్దు. లాగ్ చూడండి, స్మార్ట్ చూడండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఊరికే 100 చూపిస్తూ, సీపీయూ పదిలో ఉంటే అనుమానించాల్సిందే.

విండోస్‌లో రియల్‌టైమ్ ప్రయారిటీ ముట్టుకోకండి. మౌస్, కీబోర్డ్ కూడా పలకడం మానేయొచ్చు.

ఎర్రర్లు కనబడితే ముందు కాపీ తీయండి. రీస్టార్ట్‌లు వద్దు.

మావాడి రివ్యూ బాగానే అయింది. ఇప్పుడు కొత్త ఎస్ఎస్‌డీ వేయించాడు, ఆదివారం ఆదివారం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీస్తున్నాడు. మీ ఇంట్లో పెద్దోళ్ల ఫొటోలు ఎక్కడున్నాయి? ఒక్కచోటే ఉంటే, ఇది చదవడం అయ్యాక రెండోచోటికి ఎక్కించండి. వచ్చే వారం అది ఫోన్‌లోంచే ఎలా చేయాలో చెప్పుకుందాం.