ఒకే వరుస, రెండు ఊళ్ళు

‘ఊరెళుతున్నాను’ అంటాం. విహారానికా, సొంతింటికా? అడిగితే గాని తెలియదు. ఇంగ్లండులో ఒక పాటకు అచ్చంగా యిదే జరిగింది సుమండీ!

1975లో ‘టిపికల్లీ ట్రాపికల్’ అనే జంట ‘బార్బడోస్’ అని ఒక పాట పాడింది. లండనులో బస్సు నడుపుకునే మనిషి విమానమెక్కి, తన పిల్ల ఉన్న ఆ దీవికి పోవటమే అందులోని కథ. 1999లో ‘వెంగాబాయ్స్’ అనే బృందం ఆ వరుసకే డిస్కో దరువు తగిలించి, బార్బడోసును తీసేసి, స్పెయినువారి విహారద్వీపం ఇబీజాను పెట్టింది. రెండూ అక్కడ మొదటి స్థానం కొట్టేశాయి.

కాళ్ళు రెండోదానికే ఎక్కువ ఆడతాయి, ఒప్పుకుంటాను. మనసు మాత్రం మొదటిదాని దగ్గరే ఆగుతుంది. 1956లో లండను రవాణా సంస్థ మనుషులు చాలక, బార్బడోసు వెళ్ళి మరీ కొలువులిచ్చింది. ప్రయాణపు ఖర్చు అప్పు, జీతంలోంచి తీర్చుకోవాలి. అలా వచ్చినవాడికి ఆ దీవి విహారస్థలమా? కన్న ఊరు! ఇబీజా వెళ్ళినవాడు సెలవు కాగానే యిల్లు చేరతాడు. వీడికో, యిల్లు చేరటానికే సెలవు కావాలి.

సొంత ఊరికి సెలవు చీటీ పెట్టుకుని, తిరుగు టిక్కెట్టుతో సహా వచ్చేవారు మన యిళ్ళల్లో మాత్రం లేరూ? ఈసారి వాళ్ళొస్తే, ‘ఎన్నాళ్ళుంటావు?’ అని గుమ్మంలోనే అడక్కండి.